బాండ్ గొప్పా, విలన్ పక్కన నిలబడేవాడు గొప్పా? మీ మనసులో మాట చెప్పండి

జగదాంబ సెకండ్ షో | శనివారం రాత్రి 9:10

సినిమాల్లో గూఢచారి జేమ్స్ బాండ్‌గా ఎవరు బాగున్నారన్న గొడవ మన విశాఖ గ్రూపులో చాలాసార్లు అయింది. కానరీ అని పెద్దవాళ్లు, క్రెయిగ్ అని కుర్రాళ్లు. ఈసారి ఇంకో మాట అడుగుతాను. 1962లో 'డాక్టర్ నో' మొదలు 2021లో 'నో టైమ్ టు డై' దాకా 25 సినిమాలు వచ్చాయి. వాటిలో అసలు విలన్ల పేర్లు మీకు ఎన్ని గుర్తున్నాయి? 'ది స్పై హూ లవ్డ్ మీ'లో ప్రపంచాన్ని ముంచేద్దామనుకున్నవాడి పేరు స్ట్రాంబర్గ్ అని ఎంతమంది తడుముకోకుండా చెప్పగలరు? కానీ అతని కుడిభుజం, ఆ ఉక్కు పళ్లవాడు అనగానే అందరికీ 'జాస్' కళ్ల ముందుకి వచ్చేస్తాడు.

మా నాన్న షిప్‌యార్డ్‌లో పనిచేసేవారు. ఆ సినిమా మళ్లీ ఆడినప్పుడు నన్ను జగదాంబ థియేటర్‌కి తీసుకెళ్లారు. రైలు పెట్టెలో హీరోయిన్ అల్మారా తలుపు తీస్తుంది. లోపల ఏడడుగుల పైన మనిషి, తల వంచుకుని, పళ్లు బయటపెట్టి నవ్వుతుంటాడు. నేను నాన్న చొక్కా పట్టుకున్నాను. బాండ్ వాణ్ని కిటికీలోంచి బయటకు తోసేస్తే వాడు లేచి బట్టలు దులుపుకుని నడిచి వెళ్లిపోతాడు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు బాండ్‌కి కాదు.

నా అభిప్రాయాలు మూడు. ఒకటి, హీరో బలం తెలిసేది విలన్‌తో కాదు, విలన్ కుడిభుజంతో. రెండు, బాండ్లలో రోజర్ మూరే నంబర్ వన్. మూడు, 'మూన్‌రేకర్'లో జాస్‌ని మంచివాడిగా మార్చి పాడు చేశారు. ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి. తిట్లు మాత్రం వద్దు.

గాజువాక కుర్రాడు | రాత్రి 9:31

అన్నా, మొదటిదానికి సరే. రెండోదానికి అస్సలు ఒప్పుకోను. మూర్ గారు చివరి బాండ్ సినిమా చేసేనాటికి ఆయనకి 57 ఏళ్లు. మెట్లెక్కి పరిగెత్తే సీన్లలో డూపులు కనిపిస్తూనే ఉంటారు.

నాకు బాండ్ అంటే క్రెయిగ్ చేసిన 2006 'క్యాసినో రాయల్'. మొదట్లో మడగాస్కర్‌లో ఒక బాంబులవాణ్ని తరుముతాడు. ఆ వేషం వేసింది సెబాస్టియన్ ఫూకాన్, గోడల మీద గెంతే పార్కూర్ విద్యని నిలబెట్టినవాళ్లలో ఒకడు. వాడికి డైలాగులు దాదాపు లేనట్టే. కానీ ఒక్క షాట్ చాలు. గోడ పైభాగంలో సన్న సందు ఉంటుంది. వాడు పిల్లిలా అందులోంచి జారిపోతాడు. వెనకొచ్చిన బాండ్ సందు కోసం చూడడు, గోడ పగలగొట్టుకుని వచ్చేస్తాడు. ఒంటి నిండా సున్నం. ఈ బాండ్ ఎలాంటివాడో ఆ ఒక్క షాట్‌లో తెలిసిపోతుంది. దాన్ని తెలియజేసింది ఎవరు? ఆ పరిగెత్తేవాడే. వాడు అంత సొగసుగా దూరితేనే కదా వీడి మొరటుతనం కనపడింది.

పెందుర్తి మాస్టారు | రాత్రి 9:50

నా ఓటు రెడ్ గ్రాంట్‌కి. 1963, 'ఫ్రమ్ రష్యా విత్ లవ్', రాబర్ట్ షా వేసిన పాత్ర. సినిమాలో సగానికి పైగా అతను నోరు విప్పడు. బాండ్ ఇస్తాంబుల్‌లో తిరుగుతుంటే నీడలా వెంటే ఉంటాడు, ఒకసారి బాండ్ ప్రాణం కూడా కాపాడతాడు. తర్వాత తనే చంపాలి కనక. రైలెక్కాక తోటి ఏజెంట్‌నని చెప్పి కలుస్తాడు. భోజనం దగ్గర చేపతో పాటు ఎర్ర వైన్ అడుగుతాడు. పెద్ద కుటుంబాల ఇంగ్లిష్‌వాడు అలా అడగడు. బాండ్‌కి ఏదో తేడా అనిపిస్తుంది, కానీ అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఆ చిన్న కూపేలో జరిగే ఫైట్‌కి వెనక సంగీతం లేదు. రైలు చప్పుడు, ఊపిరి, అద్దాలు పగలడం, అంతే. ఇద్దరిదీ ఒకే బలం. కానరీ గొప్ప బాండ్ అయ్యాడంటే ఆ పెట్టెలో అతనికి సమానమైనవాడు దొరికాడు కాబట్టి. ఉక్కు పళ్లు, విసిరే టోపీలు పిల్లలకి బాగుంటాయి. గ్రాంట్ దగ్గర ఉన్నది గడియారంలోంచి లాగే తీగ మాత్రమే.

మన దగ్గర కూడా 1966లోనే కృష్ణ గారు 'గూఢచారి 116' చేశారు. అప్పటినుంచి మన సినిమాల్లో విలన్ డెన్, చుట్టూ చారల బనీన్ల రౌడీలు వచ్చారు కానీ ఒక గ్రాంట్ మాత్రం రాలేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధే.

డాక్‌యార్డ్ పెద్దాయన | రాత్రి 10:05

నేను రిటైరై చాలా ఏళ్లయింది. బతుకంతా ఓడల మధ్యే గడిచింది కాబట్టి ఆ కళ్లతోనే చెబుతాను.

'ది స్పై హూ లవ్డ్ మీ'లో ఒక పెద్ద ట్యాంకరు ముందు భాగం రెండుగా తెరుచుకుని సబ్‌మెరైన్లని మింగుతుంది. ఆ సెట్ కోసమే ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో 1976లో ఒక స్టేజీ కట్టారు, పేరే 007 స్టేజ్. సముద్రంలో అలా ముక్కు తెరిచే ఓడ నిలబడదని నాకు తెలుసు. అయినా నోరెళ్లబెట్టి చూశాను.

నా బాధ వేరే. మీరంతా జాస్ గురించి, గ్రాంట్ గురించి మాట్లాడుతున్నారు. ఆ ట్యాంకరులో యూనిఫాం వేసుకుని అటూ ఇటూ పరిగెత్తి, తూటా తగిలి రెయిలింగ్ మీంచి పడిపోయే పేరులేనివాళ్ల మాటేమిటి? బీచ్‌రోడ్డులో మన కుర్సురా చూశారు కదా. 91 మీటర్ల సబ్‌మెరైన్, 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది. అందులో 75 మంది ఉండేవారు. ముందు టార్పెడో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ద్వారంలోంచి నడుం వంచి, ముందు ఒక కాలు పెట్టి, తర్వాత తల దూర్చాలి. టార్పెడోల పక్కనే పడక. ఆ 75 మందిలో పనిలేనివాడు ఒక్కడూ లేడు. వంటవాడు వండకపోతే ఓడ నడవదు.

అందుకే అలాంటి సీన్ చూసినప్పుడల్లా అనుకుంటాను. స్ట్రాంబర్గ్ ఓడలో ఇంజన్ రూమ్ చూసేవాడు ఎవరు? ఇంటికి జీతం పంపేవాడు ఎవరు? ఒక్క సినిమాలోనైనా వాళ్లలో ఒకడి మొహం దగ్గరగా చూపించి ఉంటే బాగుండేది.

ఎంవీపీ డబుల్ రోడ్ | రాత్రి 10:22

పెద్దాయనా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను.

ఇప్పటిదాకా అందరూ మగవాళ్ల గురించే రాశారు, కాబట్టి నేను ఆడవాళ్ల సంగతి చెప్తాను. 1965 'థండర్‌బాల్'లో ఫియోనా వోల్పే. లుచానా పలూట్సీ వేశారు. బాండ్‌తో ఒక రాత్రి గడిపాక కూడా ఆమె మారదు. నీతో పడుకోగానే ఆడది మంచి పక్షానికి వచ్చేస్తుందనుకున్నావా, నేను అలాంటిదాన్ని కాదు అని మొహం మీదే చెబుతుంది. అంతకు ముందు ఏడాదే 'గోల్డ్‌ఫింగర్'లో సరిగ్గా అలాగే ఒకామె మారిపోయింది. అంటే పాత సినిమాకి కొత్త సినిమాలోని విలన్ మనిషే జవాబు చెప్పింది! చివరికి బాండ్‌కి గురిపెట్టి పేల్చిన తన పక్షం వాళ్ల తూటాకే ఆమె పోతుంది.

ఇంకొకరు మే డే. 1985, 'ఎ వ్యూ టు ఎ కిల్', గ్రేస్ జోన్స్. తమ్ముడు 57 ఏళ్ల హీరో అని అన్నాడు కదా, ఆ సినిమాని నిలబెట్టిందే ఆమె. యజమాని జోరిన్ గనిలోకి నీళ్లు వదిలి అందరినీ ముంచేస్తాడు, ఆమెని కూడా లోపలే వదిలేసి. తన తోటి అమ్మాయి శవం నీళ్లలో తేలుతుంటే మే డే మొహం చూడండి. అప్పటిదాకా ఆమెని రాతి బొమ్మలా చూపించారు. ఆ క్షణంలో అంతా కరిగిపోతుంది. బాంబుని తోపుడు బండి మీద బయటకు తీసుకెళ్లాలి, బ్రేకు నిలవడం లేదు. దిగిపొమ్మని బాండ్ అరుస్తాడు. ఆమె బ్రేకు పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. జోరిన్‌ని మాత్రం వదలొద్దని చెప్పి వెళ్లిపోతుంది.

ఆ సినిమాలో ప్రపంచాన్ని కాపాడింది బాండ్ కాదు. ఇదే నా అభిప్రాయం, ఎవరికి నచ్చకపోయినా సరే.

జగదాంబ సెకండ్ షో | రాత్రి 10:30

అక్కా, ఒప్పుకున్నాను. ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, బ్రేకు సంగతి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ మీ లెక్క ప్రకారం జాస్ మారడం కూడా మంచిదేనా?

ఎంవీపీ డబుల్ రోడ్ | రాత్రి 10:41

మంచిదే! 'మూన్‌రేకర్'లో విలన్ డ్రాక్స్ లోకంలో అందరినీ చంపేసి, ఏ లోపమూ లేని శరీరాలున్నవాళ్లతో కొత్త జాతి మొదలుపెడతానంటాడు. ఆ మాట జాస్ వింటుండగా డ్రాక్స్ నోటితోనే చెప్పిస్తాడు బాండ్. జాస్ పక్కన డాలీ ఉంటుంది, అతను ప్రేమించిన, కళ్లజోడు పెట్టుకున్న పొట్టి అమ్మాయి. జాస్ ఆమెని చూస్తాడు, తనని చూసుకుంటాడు. ఆ కొత్త లోకంలో తమ ఇద్దరికీ చోటు లేదని అర్థమవుతుంది. ఇందులో పాడైంది ఏముంది? జాస్‌ని మంచివాడిగా చూపించమని పిల్లలు దర్శకుడు లూయిస్ గిల్బర్ట్‌కి ఉత్తరాలు రాశారట. పిల్లలు సరిగ్గానే అడిగారు.

సీతమ్మధార సినిమా | రాత్రి 10:48

ఆలోచన బాగుంది, తీసిన తీరు బాగా లేదు. రియోలో రోప్‌వే ఫైట్ చూడండి. జాస్ ఉక్కు తీగని పళ్లతో కొరుకుతాడు. మన కైలాసగిరి రోప్‌వే ఎక్కినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చి పైన తీగ వైపు చూస్తాను. ఆ కొరికిన తీగ నిజానికి అతిమధురంతో చేసిన మిఠాయి. అంతవరకూ అద్భుతం. తర్వాత రోప్‌వే స్టేషన్‌ని గుద్దుకుని శిథిలాల్లోంచి లేవగానే డాలీ కనపడటం, వెనక ప్రేమ సంగీతం! భయపెట్టినవాణ్ని అలా చేయకూడదు. మారడం చివర్లో మారినా సరే, అంతవరకూ భయపెట్టాలి కదా. ఇక్కడ నేను సెకండ్ షో గారి వైపే.

నేను అసలు రాయాలనుకున్నది 1983 'ఆక్టోపసీ' గురించి. ఉదయ్‌పూర్‌లో తీశారు, విజయ్ అమృత్‌రాజ్, కబీర్ బేడీ ఉన్నారు. మా ఇంట్లో అందరూ గర్వంగా చెప్పుకునేవారు. పెద్దయ్యాక చూస్తే మనసు చివుక్కుమంది. ఆటోలో తరుముతుంటే నిప్పుల మీద నడిచేవాడు, కత్తి మింగేవాడు, మేకుల పరుపు మీద పడుకునేవాడు అన్నీ ఒకే బజారులో. జూదంలో గెలిచిన డబ్బు మన ఏజెంట్ చేతిలో పెట్టి కొన్ని వారాలు కూరకి సరిపోతుందంటాడు బాండ్. రాజుగారు కమల్ ఖాన్ వేషం ఫ్రెంచి నటుడు లూయీ జోర్డాన్‌కి, తలపాగా కట్టుకుని చేతులు కట్టుకు నిలబడే నౌకరు వేషం మనవాడికి. ఇది నాకు అవమానమే.

గాజువాక కుర్రాడు | రాత్రి 10:55

అవమానమంటే ఎలా? కబీర్ బేడీ వేసిన ఆ నౌకరు గోవిందా వేషం చిన్నదా? బాండ్ మోసపు పాచికలతో గెలిచాక, గోవిందా ఆ పాచికలని అరచేతిలో పట్టుకుని పిండిచేసి కింద రాలుస్తాడు. ఒక్క మాట మాట్లాడడు. మొత్తం సినిమాలో నాకు నచ్చిన సీన్ అదే. కబీర్ బేడీ పక్కన మూర్ గారు సన్నగా కనపడతారు. మనవాడు అంత గంభీరంగా నిలబడితే గర్వపడకూడదా?

పెందుర్తి మాస్టారు | రాత్రి 11:02

గర్వమూ సరే, బాధా సరే, రెండూ ఒకే మనిషికి కలగొచ్చు. నాకు కలిగాయి. నిలబడిన తీరు బేడీది, నిలబెట్టిన చోటు వాళ్లది.

డాక్‌యార్డ్ పెద్దాయన | రాత్రి 11:09

గోవిందా పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. చివర్లో విమానం సీన్ ఎవరైనా గమనించారా? విమానం గాల్లో ఉంది. బాండ్ పైన పట్టుకుని వేలాడుతున్నాడు. కమల్ ఖాన్ గోవిందాతో, బయటకు వెళ్లి వాణ్ని పట్టుకో అంటాడు.

గోవిందా ఒక్క క్షణం బిత్తరపోయి చూస్తాడు. బయటకా అని అడుగుతాడు. అంతవరకూ దేనికీ భయపడనివాడు. యజమాని మళ్లీ గద్దిస్తాడు. తలుపు తీసుకుని, కత్తి నోట కరుచుకుని, ఎగురుతున్న విమానం పైకి పాక్కుంటూ పోతాడు. పోయి చచ్చిపోతాడు. హాల్లో ఆ సీన్‌కి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. 'వెళ్లు' అని చెప్పేవాడు ఎప్పుడూ సీట్లోనే కూర్చుంటాడు.

నేను అడిగిన దగ్గరి మొహం ఇదేనేమో. అది కనపడేది రెండు మూడు సెకన్లే, కానీ కబీర్ బేడీ ఆ రెండు సెకన్లలోనే మొత్తం జీతగాడి బతుకు చూపించేశాడు.

జగదాంబ సెకండ్ షో | రాత్రి 11:15

పెద్దాయనా, ఇది చదివాక 'గోల్డ్‌ఫింగర్' గుర్తొచ్చింది. అందులో విలన్ అనుచరుడు, టోపీ విసిరి చంపే ఆడ్‌జాబ్ వేషం వేసిన హెరాల్డ్ సకాటా నిజంగానే బలవంతుడు, 1948 లండన్ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో వెండి పతకం. ఫోర్ట్ నాక్స్ ఖజానాలో బాంబు నడుస్తుంటుంది. గోల్డ్‌ఫింగర్ తలుపు మూసేసి పోతాడు, లోపల తన మనుషులు ఇద్దరున్నారని తెలిసీ. ఒకడు బాంబు ఆపి బతుకుదామని పరిగెత్తుతాడు. ఆడ్‌జాబ్ వాణ్ని ఎత్తి కింద పడేస్తాడు. ఎందుకు? యజమాని పని చెడకూడదని. ఆ యజమాని అప్పటికే తప్పించుకునే దారిలో ఉన్నాడు. ఇన్నేళ్లూ నేను టోపీ విసరడం గురించే చెప్పుకుంటూ వచ్చాను.

భీమిలి రోడ్ | రాత్రి 11:24

ఇంతసేపూ చదువుతూనే ఉన్నాను. ఇక రాయకుండా ఉండలేను. మీరు చెప్పేదంతా కథగా అల్లిన సినిమా ఒకటుంది, దాని పేరు ఎవరూ ఎత్తలేదు. 1989, 'లైసెన్స్ టు కిల్'. తిమోతీ డాల్టన్. రెండే సినిమాలు చేశారు, అయినా నా దృష్టిలో అందరికంటే ఆయనే పెద్ద.

విలన్ శాంచెజ్‌కి డబ్బు కంటే నమ్మకం ముఖ్యం. ఆ మాట పదేపదే అంటాడు. బాండ్ ఏం చేస్తాడు? తుపాకీతో మొదలుపెట్టడు. ఆ నమ్మకం మీదే దెబ్బ కొడతాడు. క్రెస్ట్ అనే అనుచరుడి పడవలో డబ్బు కట్టలు దాచిపెడతాడు. వీడు నన్ను మోసం చేశాడని శాంచెజ్ తన మనిషినే చంపేస్తాడు. తర్వాత ఇంకొకడు, ఇంకొకడు. చివరికి శాంచెజ్ ఒంటరివాడవుతాడు. బాండ్ సినిమాల్లో విలన్ సైన్యాన్ని విలన్ చేతే చంపించింది ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

కుర్రాడైన బెనిసియో డెల్ టోరో అందులో డారియో. కత్తి పట్టుకుని తీరిగ్గా నవ్వుతాడు. బాండ్‌ని బార్‌లో ఒకసారి చూశాడు కాబట్టి ఫ్యాక్టరీలో గుర్తుపట్టేస్తాడు. నిజం చెప్పిన అనుచరుడు వాడొక్కడే!

గాజువాక కుర్రాడు | రాత్రి 11:40

భీమిలి అన్నా, ఆ సినిమా చూడలేదు. రేపే చూస్తాను.

కానీ మీ అందరి మాటలూ చదివాక నా క్రెయిగ్ సినిమాల గురించి ఒకటి తట్టింది. ఆ అయిదింటిలో గుర్తుండిపోయే అనుచరులు తక్కువ, నిజమే. 'స్పెక్టర్'లో డేవ్ బటిస్టా రైలు ఫైట్ బాగుంటుంది, అది కూడా మాస్టారు చెప్పిన రైలుకి నమస్కారం పెట్టినట్టే ఉంటుంది. ఎందుకు తక్కువ అని ఆలోచించాను.

'స్కైఫాల్' మొదటి సీన్. బాండ్ రైలు పైకప్పు మీద కొట్టుకుంటున్నాడు. దూరం నుంచి సహచరి గురిపెట్టింది, కానీ ఎవరికి తగులుతుందో తెలియదు. లండన్‌లో టేబుల్ ముందు కూర్చున్న వాళ్ల బాస్ ఎం, కాల్చు అని ఆర్డర్ వేస్తుంది. తూటా బాండ్‌కి తగిలి నదిలో పడతాడు. పెద్దాయన చెప్పిన విమానం సీన్ ఇదే కదా! పైకప్పు మీద ఒకడు, సీట్లో కూర్చుని చెప్పేవాళ్లు ఇంకొకరు. అంతా అయ్యాక కూడా ఆఫీసు మీద దాడి జరిగిందని తెలిసి వాడు తిరిగి ఆమె దగ్గరికే వస్తాడు. ఈ సినిమాల్లో వేరే అనుచరుడు ఎందుకు? బాండే ఆ పని చేస్తున్నాడు. నాకు క్రెయిగ్ ఎందుకు నచ్చాడో ఇన్నాళ్లూ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇందుకే.

ఎంవీపీ డబుల్ రోడ్ | రాత్రి 11:46

తమ్ముడూ, చాలా బాగా చెప్పావు. గోవిందా తిరిగి రాలేడు, బాండ్ తిరిగి వస్తాడు. తేడా అంతే.

జగదాంబ సెకండ్ షో | రాత్రి 11:52

మూర్ విషయంలో నా మాట మార్చుకోను. కానీ 'మూన్‌రేకర్' మళ్లీ చూస్తాను. జాస్ డాలీ వైపు చూసే ఆ ఒక్క చూపు కోసం. మాస్టారూ, ఇంతమంది ఇన్ని చెప్పారు, మీరింకా గ్రాంట్ దగ్గరే ఉన్నారా?

పెందుర్తి మాస్టారు | రాత్రి 11:58

అక్కడే ఉన్నాను. మీరు చెప్పినవాళ్లందరినీ ఎవరో ఒకరు పంపారు, ఎవరో ఒకరు వదిలేశారు. గ్రాంట్‌ని కూడా పంపారు. కానీ ఆ కూపేలో అతను గెలిచేశాడు. బాండ్ మోకాళ్ల మీద ఉన్నాడు, తుపాకీ గ్రాంట్ చేతిలో ఉంది. బాండ్ ఒక సిగరెట్ అడిగి, డబ్బు ఇస్తానంటాడు, పెట్టెలోంచి బంగారు నాణేలు తీసి చూపిస్తాడు. ఇంకో పెట్టె కూడా ఉంది కదా, అందులోనూ ఉంటాయా అని గ్రాంట్ అడుగుతాడు. ఆ రెండో పెట్టె మూత తీయమని అతనికి ఎవరూ ఆర్డర్ వేయలేదు. తనే తీశాడు. పొగ కళ్లలో కొట్టింది.